అనివార్య కారణాల వల్ల

లేజర్ అనగానే మనకు గుర్తొచ్చేది తిన్నగా దూసుకుపోయే ఎర్రటి గీత. సినిమాల పుణ్యమా అని ఆ బొమ్మ మనసులో స్థిరపడిపోయింది. క్లాసురూములో పాయింటర్ వెలిగించి గోడమీద చుక్క చూపించినంతవరకు అది నిజమే. అదే కిరణాన్ని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక కిలోమీటరు దూరం గాలిలో పంపి చూడండి. అవతల తెరమీద పడేది చుక్క కాదు. మరిగే ఎసరులా కుతకుతలాడే ఎర్రటి మరక. ముక్కలవుతుంది, మళ్ళీ కలుస్తుంది, పక్కకు జారుతుంది, ఆరిపోయినట్టే అయి భగ్గుమంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు పరికరం పాడైందనుకుంటారు. పరికరానికేమీ కాలేదు. మధ్యలో గాలి ఉంది, అంతే.

గాలిని మనం ఖాళీ కిందే లెక్కేస్తాం. కాంతికి మాత్రం అది ఖాళీ కాదు. గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే అందులో వచ్చే తేడా పదిలక్షల్లో ఒక వంతు. ఇంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ నేలమీంచి లేచే వేడిగాలి ఒక్క ముద్దగా లేవదు. పెద్ద సుడులుగా లేస్తుంది, పెద్ద సుడి చిన్న సుడులుగా విడిపోతుంది, అవి ఇంకా చిన్నవిగా, చివరికి మిల్లీమీటర్ల స్థాయికి వచ్చి గాలిలోనే కరిగిపోతాయి. సోవియట్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1941లో ఈ విడిపోవడానికి ఒక లెక్క చెప్పాడు. ఇప్పటికీ ఈ రంగంలో అందరం ఆ లెక్క దగ్గరే మొదలుపెడతాం. ఒక్కో సుడి ఒక బలహీనమైన భూతద్దం. కిలోమీటరు పొడవునా అలాంటి అద్దాలు వేలకు వేలు, ఏదీ ఒకచోట నిలవకుండా కదులుతూ ఉంటే కాంతి తిన్నగా ఎలా పోతుంది? పొయ్యిమీది సెగలోంచి చూస్తే వెనక గోడ అల్లాడినట్టు కనిపించడం, నక్షత్రం మిణుకుమిణుకుమనడం ఇదే.

పెద్ద సుడులు కిరణం మొత్తాన్ని అటూఇటూ ఊపుతాయి. చిన్నవి దాన్ని చెదరగొట్టి వెడల్పు చేస్తాయి. వెలుగు ఒక క్షణం ఎక్కువ, ఒక క్షణం తక్కువ కావడాన్ని స్కింటిలేషన్ అంటాం. సెకనులో వందసార్లకు పైగా ఇలా మారొచ్చు. దూరం రెండింతలైతే ఈ హెచ్చుతగ్గుల తీవ్రత రెండింతలతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లవుతుంది. (ఒక హద్దు దాటాక ఇక పెరగదు. అప్పటికే కిరణం చేయగలిగినంత అల్లరి చేసేసి ఉంటుంది.) చంద్రుడి మీద అపొలో యాత్రికులు వదిలివచ్చిన అద్దాలకు గురిపెట్టి భూమ్మీంచి లేజర్ వేస్తారు. మన వాతావరణం దాటేసరికి అది ఎంత చెదురుతుందంటే, చంద్రుణ్ణి చేరేటప్పటికి వెడల్పు సుమారు 2 కిలోమీటర్లు. 3,84,000 కిలోమీటర్ల ప్రయాణంలో కాంతిని అన్నిటికంటే ఎక్కువ చెదరగొట్టేది మొదట దాటే ఆ కొద్ది కిలోమీటర్ల గాలే.

నా పరిశోధన ఈ గాలిమీదే. 1990ల మొదట్లో తెలుగునాట ఒక యూనివర్సిటీలో పిహెచ్‌డికి చేరాను. ఫిజిక్స్ బిల్డింగు మేడమీద హీలియం–నియాన్ లేజర్, 600 మీటర్ల అవతల ఇంకో బిల్డింగు మేడమీద ఫోటోడయోడు. రోజులో ఏ వేళ గాలి ఎంత అల్లాడుతుందో కొలిచి ఏడాది పొడవునా గ్రాఫులు గీయడం పని. వినడానికి చిన్నదే. ఇక్కడి నేల, ఇక్కడి ఎండ, ఇక్కడి మంచు వేరు గనక ఎక్కడో గీసిన గ్రాఫు మనకు సరిపోదు, ఎవరో ఒకరు మేడెక్కి కొలవాల్సిందే.

పగటి సంగతి త్వరగానే పట్టుబడింది. పొద్దున నేల కంటే గాలి కాస్త వెచ్చన. ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలిని మించుతుంది. మధ్యలో రెండూ సమానమయ్యే ఒక వేళ వస్తుంది, పొద్దు పొడిచిన గంటకు కాస్త అటూఇటూగా. అప్పుడు కిరణం నిద్రపోతున్న పిల్లలా ఉంటుంది. అలాంటి వేళే సాయంత్రం పొద్దు గుంకే ముందు ఇంకోసారి. ఈ రెండు వేళలకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య తేడా వంద రెట్లుండటం మామూలే. తూర్పారబట్టే ఆడవాళ్ళకు గాలి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడిపోతుందో బాగా తెలుసు. చేటెత్తి నిలబడి గాలికోసం చూసేవాళ్ళు వాళ్ళే కదా. నాకు కావలసింది సరిగ్గా వాళ్ళకు పనికిరాని వేళ, గాలి చచ్చిన వేళ.

చిక్కంతా రాత్రితో వచ్చింది. హాస్టల్ గేటు ఎనిమిదింటికి మూసేవాళ్ళు. మగపిల్లల హాస్టల్‌కి గేటుందో లేదో కూడా నాకు తెలియదు, అది మూసి ఉండగా ఎప్పుడూ చూడలేదు. నా గ్రాఫులన్నీ పొద్దున ఆరింటికి మొదలై రాత్రి ఏడున్నరకు తెగిపోయేవి. ఆ తర్వాత కాగితం తెల్లగా ఉండేది.

రాత్రంటే పగటికి తరువాయి కాదని ఇక్కడ చెప్పాలి. పగలు నేల గాలిని వేడెక్కిస్తుంది, వేడిగాలి లేస్తుంది, కలగాపులగమవుతుంది. రాత్రి నేలే ముందు చల్లబడుతుంది. దాన్నంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి కింద ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి. లేవడానికి ఏమీ ఉండదు. గాలి పొరలు పొరలుగా పేరుకుంటుంది. కిరణం గంటలకొద్దీ కదలదు. ఉన్నట్టుండి, పైపొర కిందిపొర కంటే వేగంగా జారినప్పుడు, మధ్యలో ఎక్కడో పొర చినుగుతుంది. చల్లటిదీ వెచ్చటిదీ కలుస్తాయి. ఓ పది నిమిషాలు మధ్యాహ్నమంత అల్లకల్లోలం. మళ్ళీ ఏమీ ఎరగనట్టు సద్దుమణుగుతుంది. ఇది ఏ రాత్రి వస్తుందో, ఎన్నిసార్లొస్తుందో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టమే. కొల్మొగొరోవ్ లెక్క కూడా ఇక్కడ తడబడుతుంది. అంటే నా గ్రాఫులో తెల్లగా మిగిలిన భాగం పగటి భాగాన్ని సాగదీసి పూరించుకోగలిగింది కాదు, అక్కడున్నది వేరే భౌతికశాస్త్రం.

మా గైడు చెడ్డవాడేం కాదు. "రాత్రి డేటా మనవాళ్ళు తీసిపెడతార్లేమ్మా" అన్నాడు. మనవాళ్ళు తీశారు కూడా. లేజర్ ఆన్ చేసి, రికార్డర్ ఆన్ చేసి పడుకున్నారు. మర్నాడు చూస్తే గ్రాఫు అర్ధరాత్రి నుంచి చదునుగా ఉంది. గాలి నిలకడవల్ల కాదు. లెన్సుమీద మంచు పట్టి కాంతే రాలేదు. వాళ్ళనేం అనను. అది వాళ్ళ థీసిస్ కాదుగా.

ఇలా కాదని ల్యాబులోనే గాలిని తయారుచేద్దామనుకున్నాను. చాలాచోట్ల చేసే పనే, కిరణం దారిలో కాయిల్ హీటర్లు పెట్టి పక్కనుంచి ఫ్యాను తిప్పుతారు. నాలుగు హీటర్లు వరసగా పెట్టి కూర్చున్న నన్ను చూసి ఒక సీనియర్, "ఇక్కడికొచ్చినా వంట తప్పలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. హీటర్లతో మధ్యాహ్నం వస్తుంది, రాత్రి రాదు. కిందనుంచి కాచడం తేలిక. నేలను ఆకాశంవైపు తెరిచిపెట్టి నెమ్మదిగా చల్లార్చి గాలిని పొరలుగా పేర్చే హీటరు ఏ బజారులోనూ దొరకలేదు.

అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నాను. వార్డెన్, గైడు, హెడ్డు, ఆపై రిజిస్ట్రార్ ఆఫీసు. చివర్లో తండ్రి సంతకం. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. మా నాన్న పోస్టులో వచ్చిన ఆ కాగితం మీద సంతకం చేసి, "ఇదేంటమ్మా, స్కూల్లో ఎక్స్‌కర్షన్‌కి అడిగినట్టు" అని పక్కన చిన్న కాగితం మీద రాసి పంపాడు. నాలుగు నెలలకు పన్నెండు రాత్రులిచ్చారు. షరతులు రెండు. తోడుగా ఒక స్త్రీ ఉండాలి. ఎక్కిన మేడ దిగి రాత్రిపూట ఇంకో బిల్డింగుకు వెళ్ళకూడదు.

రెండో షరతు నా సమీకరణంలోకి కూడా వచ్చి కూర్చుంది. లేజర్ ఒక మేడమీద, డయోడు ఇంకో మేడమీద ఉన్నప్పుడు ఒక్కచోటే ఎలా ఉండేది? అవతలి మేడమీద అద్దం బిగించి కిరణాన్ని వెనక్కి రప్పించాను. కాంతి వెళ్ళిన సుడుల్లోంచే తిరిగి వస్తుంది, రెండు ప్రయాణాలకూ సంబంధం ఏర్పడుతుంది. 1200 మీటర్లు ఒకేవైపు పోయిన కిరణానికి వేసే లెక్క దీనికి వేయకూడదు. కొత్త లెక్క కట్టడానికి ఆరువారాలు పట్టింది. నా థీసిస్ నాలుగో అధ్యాయం సగం ఈ షరతు వల్లే పుట్టింది. పరీక్షకులు ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

తోడు వచ్చింది మా డిపార్ట్‌మెంటు ఊడ్చే అక్క. వేరే ఎవరూ ఒప్పుకోలేదు. ఇద్దరు పిల్లల్ని అత్త దగ్గర వదిలి వచ్చేది. యూనివర్సిటీ లెక్కల్లో ఆ పన్నెండు రాత్రుల పనికి పద్దు లేదు, నా ఫెలోషిప్పులోంచే ఇచ్చాను. తెల్లవారుజాము రెండు మూడింటికి అవతలి అద్దంమీద మంచు పడేది. నేను మేడ దిగకూడదు. ఆమె దిగేది. చేతిలో టార్చి, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ పట్టుకుని చీకట్లో ఆ 600 మీటర్లు నడిచి, నాలుగంతస్తులెక్కి, అద్దం తుడిచి టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగించేది. నా రికార్డరు మీద గీత పైకి లేచేది. ఆ పన్నెండు రాత్రుల్లో ఆమెను వాచ్‌మన్ ఒక్కసారి కూడా ఆపలేదు. రాత్రి రెండింటికి ఒంటరిగా నడిచే స్త్రీ ప్రమాదంలో ఉన్నట్టేనని నాలుగు పేజీల ఉత్తర్వు రాసిన యంత్రాంగానికి ఆమె ఆ స్త్రీల లెక్కలో లేదు. నన్ను కాపాడటానికి పెట్టిన షరతు ఆమెను చీకట్లోకి పంపింది. మన రక్షణ ఎవరి కులం, ఎవరి కూలిమీద నిలబడుతుందో పుస్తకాల్లో చదువుకునే ముందే ఆ మేడమీద చూశాను.

మొదటి రాత్రి తెరమీద చుక్కను చూసి, "చలికి వణుకుతోందా అమ్మా?" అని అడిగింది. అయిదో రాత్రి రెండు దాటాక అకస్మాత్తుగా చుక్క చెదిరి నాలుగైపోయినప్పుడు ఇద్దరం లేచి నిలబడ్డాం. పొర చినిగింది. తొమ్మిది నిమిషాలు. నేను చూసిన మొదటి రాత్రి సుడి అది. పన్నెండు రాత్రుల్లో అలాంటివి ఏడు దొరికాయి. ఏడింటితో గణాంకం కట్టలేం.

ఆ ఫలితాలతో పేపరు రాసినప్పుడు, రాత్రి పరిశీలనలు ఎందుకు తక్కువో ఒక వాక్యం రాశాను: మహిళా హాస్టల్ వేళల కారణంగా, అని. ఆ వాక్యం కొట్టేసి మా గైడు పైన రాసింది, అనివార్య కారణాల వల్ల. "సైన్సు పేపర్లో గేట్ల గురించి రాయరమ్మా." ఉష్ణోగ్రత రాస్తాం, తేమ రాస్తాం, గాలివేగం, లేజర్ ఎత్తు, లెన్సు వ్యాసం, అన్నీ రాస్తాం. కొలతను ప్రభావితం చేసే ప్రతిదీ రాయాలన్నదే నియమం. పన్నెండు రాత్రులకు మించి కొలవనివ్వని గేటును మాత్రం రాయం. వైవాలో పెద్దాయన ఒకరు ఇన్ని తక్కువ రాత్రులెందుకని అడిగారు. "గేటు ఎనిమిదింటికి మూస్తారు సర్" అన్నాను. గది నవ్వింది. రిపోర్టులో మాత్రం రాత్రివేళ కొలతల విషయంలో అభ్యర్థి మరింత శ్రద్ధ చూపవలసిందని ఉంది.

ఇది నాకొక్కదానికే జరిగిందని అనుకోవడానికి వీల్లేకుండా ఖగోళశాస్త్ర చరిత్ర ఉంది. టెలిస్కోపుకూ లేజర్‌కూ శత్రువు ఒకటే గాలి. మంచి గాలి ఉన్న కొండలు, మంచి రాత్రులు, రెండూ మగవాళ్ళ చేతుల్లో ఉండేవి. అమెరికాలోని మౌంట్ విల్సన్‌లో పరిశీలనలకు 1940ల్లో మార్గరెట్ బర్బిడ్జ్ ఫెలోషిప్ అడిగితే అవి మగవాళ్ళకేనని జవాబొచ్చింది. 1955లో ఆవిడ అక్కడికి వెళ్ళింది, భర్తకు సహాయకురాలిగా. పరిశీలకుల బసను అక్కడ 'మొనాస్టరీ' అనేవారు, అంటే సన్యాసుల మఠం. వాళ్ళిద్దరూ వేరే కాటేజీలో ఉండాల్సొచ్చింది. పాలొమార్‌లో అధికారికంగా పరిశీలన చేసిన మొదటి స్త్రీ వెరా రూబిన్, 1965లో. ఆడవాళ్ళకు టాయిలెట్ లేదన్నది అప్పటిదాకా చెప్పిన కారణం. రూబిన్ కాగితంతో గౌను బొమ్మ కత్తిరించి తలుపుమీది మగబొమ్మకు అతికించింది. అనివార్య కారణం ఒక కాగితం ముక్కతో తీరిపోయింది.

గాలి చేసే అల్లరిని లేజర్‌తోనే సరిదిద్దే ఉపాయం వెనకా ఒక స్త్రీ ఉంది. నేలకు 90 కిలోమీటర్ల ఎత్తున సోడియం పరమాణువుల పలుచటి పొర ఒకటుంది. పసుపురంగు లేజర్‌తో దాన్ని వెలిగిస్తే ఆకాశంలో ఒక దొంగచుక్క పుడుతుంది. ఆ చుక్క ఎలా వణుకుతోందో చూసి, టెలిస్కోపులోని వంగే అద్దాన్ని సెకనుకు వందలసార్లు దానికి ఎదురుగా వంచితే గాలి చేసింది చెరిగిపోతుంది. ఈ ఆలోచనకు రూపమిచ్చినవాళ్ళలో క్లేర్ మాక్స్ ఒకరు. అది అమెరికా సైన్యానికి సలహాలిచ్చే బృందంలో పుట్టింది గనక 1991దాకా రహస్యం. ఈలోగా 1985లో ఫ్రాన్స్‌లో ఇద్దరు ఇలాంటి ఆలోచననే విడిగా ప్రచురించారు. రహస్యం వీడాక మాక్స్ దాన్ని ఖగోళశాస్త్రానికి మళ్ళించడానికి ఎంతో పనిచేసింది. హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపుకు ఈ లేజర్ అమరాక ఆండ్రియా గెజ్ బృందం పాలపుంత మధ్యలో 16 ఏళ్ళకోసారి చుట్టి వచ్చే నక్షత్రాన్ని మరింత స్పష్టంగా వెంటాడింది. అక్కడున్నది మహా కృష్ణబిలమేనని గట్టిగా చూపినందుకు 2020లో ఆమెకు నోబెల్ వచ్చింది. 1901లో మొదలైన ఫిజిక్స్ నోబెల్ అందుకున్న నాలుగో స్త్రీ.

నా పని గురించి విన్న స్త్రీవాద మిత్రులు తరచు, గాలిని పితృస్వామ్యంతో పోల్చి ఒక కవిత రాయొచ్చు కదా అంటారు. కనిపించదు, అంతటా ఉంటుంది, తిన్నగా పోయేదాన్ని చెదరగొడుతుంది. పోలిక బాగానే కుదురుతుంది, నాకే ఒప్పదు. గాలి ఎవరిమీదా పగతో అల్లాడదు. ఎండకూ నేలకూ తలవంచి నడుచుకుంటుంది. గేటు అలా కాదు. దాన్ని ఒకరు మూస్తారు, మూసే వేళను ఒకరు నిర్ణయిస్తారు, నోటీసుమీద సంతకం ఉంటుంది. 2015లో ఢిల్లీలో 'పింజ్రా తోడ్' అంటూ ఆడపిల్లలు రోడ్డెక్కింది ఆ సంతకాల మీదకే. గేటును గాలిగా మారిస్తే అది మళ్ళీ అనివార్యం అయి కూర్చుంటుంది.

మన నేలమీద ఈ గాలి లెక్క ఇప్పుడు ఎవరికి కావాలో కూడా చూడాలి. 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ విభాగం, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌తో కలిసి రాష్ట్రంలో 2000 లేజర్ లింకులతో ఇంటర్నెట్ అందిస్తామని ప్రకటించింది. కేబుల్ తవ్వకుండా టవరు నుంచి టవరుకు కాంతి. అదే బృందం 2021లో కాంగో నదికి అటూఇటూ ఉన్న బ్రాజవిల్, కిన్షాసా నగరాల్ని 4.8 కిలోమీటర్ల కిరణంతో కలిపింది. నదిమీది గాలిలో అద్దాలు తమను తాము సర్దుకుంటూ 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్లు మోశాయి. ఇక 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. హైదరాబాదు ల్యాబులో తయారైన ఆయుధం. అంత శక్తిగల కిరణానికి బయటి గాలితో పాటు సొంత వేడి కూడా శత్రువే. తాను పోయే దారిలోని గాలిని తానే వేడెక్కించి పలుచన చేస్తుంది, పలుచనైన గాలి దాన్నే చెదరగొడుతుంది. ఏప్రిల్ నెల కర్నూలు గాలి గురించి అందరికంటే ఎక్కువ తెలుసుకోవలసింది ఆయుధం చేసేవాళ్ళే కావడం నాకు బాధగా ఉంటుంది. నా పేపర్లను ఎక్కువగా ఉదహరించేదీ ఆ వైపు వాళ్ళే.

ఇప్పుడు నా దగ్గర ఒక అమ్మాయి రాత్రి గాలిమీద పనిచేస్తోంది. పరికరం దానంతటదే రాత్రంతా కొలుస్తుంది, కంప్యూటరు దాచుకుంటుంది. "ఇక ఆడపిల్లలు రాత్రులు రావలసిన పనిలేదు కదా మేడం" అని ఒక అధికారి మనస్ఫూర్తిగా సంతోషించాడు. వాళ్ళ హాస్టల్ గేటు ఇప్పుడు పదింటికి మూస్తారు. అనుమతి కాగితంలో తండ్రి సంతకం గడి అలాగే ఉంది. దాన్ని ఖాళీగా వదిలి, కింద నేను సంతకం చేసి పంపాను. మూడుసార్లు తిరిగొచ్చింది, మూడుసార్లూ అలాగే పంపాను. నాలుగోసారికి వదిలేశారు. ఈ పుష్యమాసంలో ఆ అమ్మాయి తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. కంప్యూటరు గ్రాఫు పక్కన చేత్తో రాసుకున్నవి:

"1.50. కాంతి తగ్గుతోంది. అవతలి అద్దంమీద మంచు. నడిచి వెళ్ళి తుడిచాను.

2.25. మళ్ళీ తుడిచాను.

2.40. సుడి మొదలు. చెంపకు వెచ్చటి గాలి తగిలింది.

2.52. ఆగింది."